గొంతు మారిన రోజు నుంచి చత్వారం దాకా

బొబ్బిలి కాంప్లెక్సులో రామభద్రపురం బస్సు కోసం నిలబడి ఉంటే ఒకావిడ నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చింది. ఆవిడ పెద్దకొడుకు ఎప్పుడో నా దగ్గర తొమ్మిదో తరగతి చదివాడు. ఇప్పుడు గొడవ చిన్నవాడితో.

"మాస్టారూ, మా సిన్నోడికి ఏటైనాదో తెలీదు బావూ. రాత్రంతా తొంగోడు, తెల్లారితే లెగడు. ఏటడిగినా గోడకేసి సూత్తాడు. మొన్నటిదాకా నా కొంగట్టుకు తిరిగినోడే. ఏ గాలైనా సోకిందేటో?"

వయసెంతమ్మా అన్నాను. పదమూడు నిండి పద్నాలుగు. గొంతు మారిందా?

"మారిపోనాది. పాత సైకిలుకి బ్రేకేసినట్టుంటాది."

చెప్పులు సరిపోతున్నాయా అని అడిగాను. ఆవిడ నా వైపు వింతగా చూసింది. "ఉగాదికి కొన్నవి. అప్పుడే సాలడం లేదు. మీకెలగ తెలుసు?"

గాలీ ధూళీ ఏమీ కాదమ్మా, పిల్లాడు ఎదుగుతున్నాడు అనేలోపు బస్సు వచ్చేసింది. ఆ బస్సు ఎక్కాలంటే మాటలు పెట్టుకుని కుదరదు. ఆవిడతో సగంలో ఆగిపోయిన కబురే ఈ అధ్యాయం.

జీవశాస్త్రం చెప్పే మాస్టారుగా చాలా ఏళ్ళు పిల్లల్నీ, పిల్లల వెనకాల వచ్చే తల్లిదండ్రుల్నీ చూశాక నాకు ఒక సంగతి గట్టిగా అనిపించింది. ప్రతి మనిషిలో మూడు గడియారాలు నడుస్తుంటాయి. ఒకటి ఒంటిది. ఒకటి మనసుది. మూడోది ఊరిది: చదువెప్పుడు అవ్వాలి, పెళ్ళెప్పుడు అవ్వాలి, ఇల్లెప్పుడు కట్టాలి అని వేళలు చెప్పేది. ఈ మూడూ ఎప్పుడూ ఒకే టైము చూపించవు. ఒక గడియారం చూసి రెండోదాని టైము చెప్పేసినప్పుడే ఇళ్ళల్లో గొడవలు మొదలవుతాయి. ఒళ్ళు ఎదిగింది కాబట్టి బుద్ధీ ఎదిగిందనుకుంటాం. ఊరు వేళైందంది కాబట్టి ఒళ్ళు కూడా సిద్ధమైందనుకుంటాం.

ముందు ఒంటి సంగతి చూద్దాం. చెప్పుల గురించి ఎందుకు అడిగానంటే, ఈ వయసులో ముందుగా సాగేవి పాదాలు, చేతులు. ఆ తర్వాత కాళ్ళు, ఆఖరున మొండెం. అందుకే పదమూడేళ్ళవాడు నడుస్తుంటే కాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టుంటాడు. గ్లాసు తన్నేస్తాడు, గుమ్మానికి తల కొట్టుకుంటాడు. "కళ్ళు నెత్తికెక్కాయా" అని తిడతాం. కళ్ళు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. మెదడుకి తెలిసిన పాత కొలతలు, కొత్త ఒంటికి సరిపోవడం లేదు, అంతే.

మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం ఇచ్చిన సంకేతంతో పిట్యుటరీ గ్రంథి మేలుకుంటుంది, దాని హార్మోన్లతో అండాశయాలు, వృషణాలు మేలుకుంటాయి. ఇది ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ళ మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ళ మధ్య ఎప్పుడైనా మొదలు కావచ్చు. ఐదేళ్ళ తేడా చిన్న తేడా కాదు. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకడికి మీసాలు దిద్దుకోవడం, రెండోవాడికి ఇంకా పాలబుగ్గలు ఉండటం రెండూ సహజమే. ఏడో తరగతి గ్రూపు ఫొటో ఏదైనా తీసి చూడండి. వెనక వరసలో పొడుగ్గా ఉండేది ఆడపిల్లలే. వాళ్ళ పొడుగు ముందు మొదలై ముందే ఆగుతుంది, మగపిల్లలది సుమారు రెండేళ్ళు ఆలస్యంగా మొదలవుతుంది. జోరుగా సాగే ఏడాదిలో మగపిల్లాడు తొమ్మిది పది సెంటీమీటర్లు పెరిగిపోతాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన సందర్భాలు కొన్నే. ఆడపిల్లకు ఎనిమిదేళ్ళు, మగపిల్లాడికి తొమ్మిదేళ్ళు నిండకముందే ఈ మార్పులు మొదలైతే చూపించాలి. ఆడపిల్లకు పదమూడు నిండినా రొమ్ముల ఎదుగుదల లేకపోయినా, పదిహేను నిండినా నెలసరి రాకపోయినా, మగపిల్లాడికి పద్నాలుగు నిండినా ఏ మార్పూ లేకపోయినా చూపించాలి. మిగతాదంతా కాలానికి వదిలేయొచ్చు. నెలసరి మొదలైన కొత్తలో ఏడాది, రెండేళ్ళు క్రమం తప్పడం కూడా మామూలే.

మగపిల్లలు ఎవరినీ అడగలేని రెండు సంగతులున్నాయి. నేను క్లాసులో పాఠంలో కలిపి చెప్పేసేవాణ్ణి, లేకపోతే వాళ్ళు ఎక్కడా వినరు. ఒకటి, ఈ వయసులో సగం మందిదాకా మగపిల్లలకు ఛాతీ దగ్గర కాస్త వాపు, నొప్పి వస్తాయి. హార్మోన్ల ఒడుదొడుకులే కారణం. ఏడాది, రెండేళ్ళలో దానంతటదే పోతుంది. ఇది తెలియక స్కూల్లో చొక్కా విప్పాల్సి వస్తుందని ఆటలు మానేసిన పిల్లలున్నారు. రెండోది, నిద్రలో వీర్యం పోవడం. అది జబ్బు కాదు, బలహీనత కాదు. రైల్వే గేటు దగ్గర గోడల మీద 'నరాల బలహీనత' అని ఎర్రరంగుతో రాసి ఫోన్ నంబరు పెట్టే పెద్దమనుషులు బతికేది ఈ ఒక్క అజ్ఞానం మీదే. తండ్రి కొడుకుతో రెండు నిమిషాలు మాట్లాడితే ఆ పెద్దమనుషుల గుడారాల్లో సగం ఎత్తేస్తారు.

ఆడపిల్ల సంగతి వేరు. ఆమె ఎదిగిందని మనవాళ్ళు ఒక రోజు చూసి, ముహూర్తం పెట్టి, ఊరంతటికీ చెబుతారు. మూల కూర్చోబెట్టి చిమ్మిలి ముద్దలు పెట్టడం, మేనమామ చీర తేవడం, ఇప్పుడైతే వీధి మొగలో ఫ్లెక్సీ. చిమ్మిలి వరకూ నాకు అభ్యంతరం లేదు, నువ్వులూ బెల్లమూ ఆ ఒంటికి కావలసినవే. కానీ ఆ నాలుగు రోజులు తిండి పెట్టి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి మగపిల్లలు తినగా మిగిలింది పెడితే ఏం లాభం? కేంద్ర ప్రభుత్వం 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో పదిమందికి దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉంది. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర ఇందుకే. "అది మింగితే కడుపులో తిప్పుతుంది సార్" అని కిటికీలోంచి పారేసిన పిల్లలు నాకు తెలుసు. పరగడుపున మింగితే తిప్పుతుంది నిజమే. అన్నం తిన్నాక మింగి, ఓ నిమ్మకాయ నీళ్ళు తాగమనండి. మాత్ర వేసుకున్న గంటలో టీ మాత్రం వద్దు, టీలో ఉండే పదార్థాలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు.

మగపిల్లలకు 'పంచెల ఫంక్షను' ఈ మధ్య కొందరు చేస్తున్నారు గానీ, దానికీ ఒంట్లో జరిగేదానికీ సంబంధం ఏమీ లేదు. మన వైపు మగపిల్లాడు పెద్దవాడయ్యాడని ఊరు ఒప్పుకునేది వాడి చేతికి మొదటి కూలి డబ్బులు వచ్చినప్పుడు, లేదా హైదరాబాదుకి రైలెక్కినప్పుడు. దాని గురించి తర్వాత.

తిండి గురించి ఇంకొక్క మాట. మనిషి జీవితకాలానికి సరిపడా కూడబెట్టుకునే ఎముక బలంలో దాదాపు తొంభై శాతం ఇరవై ఏళ్ళ లోపే జమ అవుతుంది. ఆ తర్వాత ఖర్చు పెట్టుకోవడమే తప్ప పెద్దగా కూడదు. మన తాతలు పొద్దున్నే తాగి పొలం వెళ్ళిన చోడి అంబలి పాత కూడు అని మానేశాం. 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో దానికి పదో వంతు కూడా ఉండదు. పట్నంలో దాన్నే 'రాగి మాల్ట్' అని రంగు డబ్బాలో పోసి అమ్ముతుంటే కొంటున్నాం. నాకు ఆ డబ్బా మీద కోపం లేదు, మన కుండ మీద చిన్నచూపు చూసుకున్నందుకే బాధ.

ఇక ఆవిడ చెప్పిన నిద్ర. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరితే నిద్ర ముంచుకొస్తుంది. ఎదిగే వయసులో అది ఊరే వేళ గంట, రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. తొమ్మిదికి పడుకో అంటే వాడికి నిద్ర రాదు. ఐదింటికి లేపితే వాడి ఒంటికి అది మూడు గంటల వేళ. పైగా వాడికి కావలసింది ఎనిమిది నుంచి పది గంటల నిద్ర. నాలుగున్నరకు లేపి స్టడీ అవర్ పెట్టే రెసిడెన్షియల్ కాలేజీల గురించి నా అభిప్రాయం అడక్కండి, మర్యాదగా చెప్పలేను. మీ చేతిలో ఉన్నది ఒకటుంది. రాత్రి పదయ్యాక ఇంట్లో ఫోన్లన్నీ, మీదీ కలిపే, ఒక చోట పెట్టండి. ఫోను వెలుగు ఆ మెలటోనిన్‌ను ఇంకా వెనక్కి తోస్తుంది. మీది మీ తలగడ కింద పెట్టుకుని వాడిది లాక్కుంటే మాత్రం పని జరగదు.

ఒళ్ళు ఇలా పరుగెడుతుంటే మనసు ఎక్కడుంది? ఆరేళ్ళకే మెదడు పెద్దవాళ్ళ మెదడులో తొంభై శాతం పరిమాణానికి వచ్చేస్తుంది. పెరగాల్సింది పరిమాణం కాదు, లోపలి కట్టుబడి. వాడని తీగలను మెదడు కత్తిరించుకుంటుంది, వాడే తీగలకు కొవ్వు పూత పూసి సంకేతం వేగంగా పోయేలా చేసుకుంటుంది. ఈ పని వెనక నుంచి ముందుకి జరుగుతూ వస్తుంది. ఆవేశం, సరదా, భయం పుట్టే భాగాలు ముందే సిద్ధమైపోతాయి. ఆగు, ఆలోచించు అని చెప్పే భాగం నుదుటి వెనక ఉంటుంది, అది పూర్తిగా పక్వానికి వచ్చేది ఇరవైల మధ్యలో. మనవాళ్ళు నుదుటి రాత అంటారు. పుట్టినప్పుడే రాసేసి ఉంటుందని నమ్ముతారు. మెదడు చూసినవాళ్ళు చెప్పేదేమంటే, ఆ నుదుటి వెనక రాతను మెదడు పాతికేళ్ళ దాకా ఇంకా రాస్తూనే ఉంటుంది.

అందుకని పదహారేళ్ళ పిల్లలకు తెలివి లేదనుకోకండి. ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే ఏది ప్రమాదమో మనకంటే బాగా చెబుతారు. చిక్కల్లా పక్కన స్నేహితులున్నప్పుడే. 2005లో అమెరికాలో టెంపుల్ యూనివర్సిటీ మనస్తత్వవేత్తలు గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ కంప్యూటర్‌లో ఒక కారు నడిపే ఆట పెట్టి చూశారు. ఒక్కళ్ళే ఆడినప్పుడు టీనేజి పిల్లలకూ పెద్దవాళ్ళకూ పెద్ద తేడా లేదు. స్నేహితులు పక్కన నిలబడి చూస్తుంటే టీనేజి పిల్లలు తీసుకున్న ప్రమాదం ఇంచుమించు రెట్టింపైంది. ఇరవై నాలుగు దాటినవాళ్ళలో ఏ మార్పూ లేదు.

ఈ సంగతి తెలుసుకోవడానికి మన విజయనగరం జిల్లావాళ్ళకి 2005 దాకా ఆగాల్సిన అవసరం లేకపోయింది. గురజాడ 1892లోనే కన్యాశుల్కం నాటకం ఆడించాడు. అందులో వెంకటేశం ఎవరు? ఇంటికి దూరంగా పట్నంలో చదువుకుంటూ, పరీక్ష పోగొట్టుకుని, తండ్రికి భయపడే కుర్రాడు. వాడికి లోకం చూపించే పెద్దవాడిగా దొరికింది గిరీశం. చుట్ట కాల్చడం నేర్పింది, అబద్ధం అందంగా ఆడటం నేర్పింది ఆ గురువే. అందరం గిరీశాన్ని చూసి నవ్వుకుంటాం గానీ, నేను మాస్టారునయ్యాక నాటకం చూస్తే నా కళ్ళు వెంకటేశం మీదే ఉండేవి. అగ్నిహోత్రావధానులు కొడుకుని ఒక్కసారి దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడి ఉంటే గిరీశానికి ఆ ఇంట్లో చోటే దొరికేది కాదు. ఆ వయసు పిల్లాడికి ఇంటి బయట ఒక పెద్దవాడు కావాలి. మేనమామో, బావో, కబడ్డీ నేర్పే అన్నో. మీరు మంచివాణ్ణి చూపించకపోతే వాడే ఒక గిరీశాన్ని వెతుక్కుంటాడు. మీ చుట్టాల్లో అలాంటి మనిషి ఎవరున్నారో ఇప్పుడే ఒక పేరు అనుకోండి. ఆ మనిషికి ఫోన్ చేసి, "మావాడు నీ మాట వింటాడు, అప్పుడప్పుడూ పలకరించరా" అని చెప్పండి. అంతకంటే ఏమీ చెయ్యక్కర్లేదు.

బండి తాళం విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడను. పార్వతీపురం రోడ్డు మీద సాయంత్రం ముగ్గురేసి పోతుంటారు చూడండి, బండి నడిపేది ఒక్కడు, ప్రమాదం నడిపేది వెనక ఇద్దరు. గేర్ల బండికి లైసెన్సు పద్దెనిమిదికి గానీ రాదు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక, మైనరు బండి నడిపి నేరం జరిగితే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ జైలు, 25,000 రూపాయల జరిమానా దాకా పడొచ్చు.

మన ఊరి పేరుతో వచ్చిన బరువు ఒకటుంది. 1757 జనవరి 24 నాటి యుద్ధంలో కోట కాలిపోయిన దగ్గర్నుంచి బొబ్బిలి అంటే పౌరుషం. ఆ యుద్ధ గాథలోని వీరుడు తాండ్ర పాపారాయుడు, ఆ తర్వాత సినిమాలు, బొబ్బిలి పులి. మంచిదే. కానీ పరీక్ష తప్పి ఏడుస్తున్న కుర్రాణ్ణి పట్టుకుని "బొబ్బిలోడివి, ఆడపిల్లలాగ ఏడుత్తావేట్రా" అనడం నేను చెవులారా విన్నాను. ఆ ఒక్క మాటతో వాడు ఏడుపు ఆపడు, చూపించడం ఆపుతాడు. నవ్వేవాడు మూగబోయినా, ఇష్టమైన ఆట మానేసినా, తిండి నిద్ర రెండు వారాలకు మించి తారుమారైనా, తన వస్తువులు ఇచ్చేస్తున్నా, నేను లేకపోతే బాగుండు అన్నా అది పొగరు కాదు. పక్కన కూర్చోండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది. అవునంటే వాణ్ణి ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బా ఇంట్లోంచి తీసేయండి, డాక్టరుకి చూపించండి. 14416కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడతారు. ఇంటర్ ఫలితాల ముందురోజే ఆ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.

ఊరి గడియారం ఆడపిల్లల విషయంలో ఎప్పుడూ తొందరగానే తిరిగింది. 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్లకు పద్నాలుగు, మగవాడికి పద్దెనిమిది అంది. 1978లో దాన్ని పద్దెనిమిది, ఇరవై ఒకటి చేశారు. అయినా ఆ జాతీయ సర్వేలోనే, మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిపోయింది. "పెద్దమనిషై మూడేళ్ళైంది మాస్టారూ, ఇంకెన్నాళ్ళు గుండె మీద కుంపటి" అంటారు. నెలసరి రావడం ఒళ్ళు ఎదగడంలో మధ్య మజిలీ, ఆఖరిది కాదు. పొడుగు ఆగాక కూడా కటి ఎముకలు ఇంకా కొన్నాళ్ళు వెడల్పవుతుంటాయి. తిన్న తిండీ, ఉన్న రక్తమూ తన ఒంటికే చాలని వేళ ఇంకో ప్రాణాన్ని మోయమంటున్నాం. నుదుటి వెనక సంగతి సరేసరి. ఎవరైనా ఆడపిల్ల మీతో "నాకొద్దు" అని చెప్పి, ఇంట్లో వినకపోతే 1098కి చెప్పమనండి. లేదా మీరే చెప్పండి.

ఇప్పుడు రైలు దగ్గరికి వద్దాం. సంక్రాంతి వెళ్ళిన మర్నాడు బొబ్బిలి స్టేషన్లో నాగావళి ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకి నిలబడితే మన ఇరవైలు ఎలా ఉంటాయో కనబడుతుంది. సంచిలో అమ్మ కట్టిన అరిసెలు, జేబులో ఫోను, హైదరాబాదులో ఎనిమిదిమంది పడుకునే గది. ఎదిగిన దేశాల్లో పద్దెనిమిది నుంచి ఇరవై ఐదు దాకా ఉండే కాలాన్ని జెఫ్రీ ఆర్నెట్ అనే మనస్తత్వవేత్త 2000లో ఒక ప్రత్యేక దశ అన్నాడు: బాధ్యతలు ఇంకా మీద పడవు, రకరకాలు ప్రయత్నించి చూసుకోవచ్చు. మా పిల్లలకు ఆ సదుపాయం లేదు. మొదటి జీతంలోంచే ఇంటికి పంపాలి. నేను అందుకు తప్పు పట్టను, ఇంటికి పంపే చెయ్యి మనిషిని త్వరగా నిలబెడుతుంది కూడా. కానీ వాళ్ళకు ఒక మాట చెబుతాను. పంపేదానిలో కొంత తగ్గినా ఫరవాలేదు, నెలకు ఒక రోజు నీకంటూ ఉంచుకో. కొత్త పని నేర్చుకో, లేదా ఊరివాడు కాని ఒక స్నేహితుణ్ణి సంపాదించుకో. ఈ వయసులో దొరికే స్నేహం తర్వాత దొరకదు. హార్వర్డ్‌లో 1938లో మొదలుపెట్టి 724 మంది మగవాళ్ళను జీవితాంతం గమనిస్తూ వచ్చారు. యాభైల్లో ఎవరితో ఎంత సఖ్యంగా ఉన్నారన్నదే ఎనభైల్లో వాళ్ళ ఆరోగ్యాన్ని కొలెస్ట్రాల్ కంటే బాగా చెప్పిందట.

ఇరవై ఐదు దాటితే ఊరి గడియారం ఇంకా గట్టిగా కొడుతుంది. "ఇంకా సెటిల్ అవ్వలేదా?" ఇలా అడిగేవాళ్ళకి మన బొబ్బిలి చరిత్రలోంచే ఒక లెక్క చెబుతాను. బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు 1901లో పుట్టాడు. 1932లో, ముప్పై ఒక్కేళ్ళ వయసులో, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రీమియర్ అయ్యాడు. ఐదేళ్ళ తర్వాత వచ్చిన ఎన్నికల్లో, సొంత బొబ్బిలిలోనే, ఓడిపోయాడు. ఓడించింది వి.వి. గిరి. అప్పటికి ఆయనకు నలభై దాటింది. ఆ గిరి రాష్ట్రపతి పదవిలో కూర్చున్నది 1969 ఆగస్టులో, డెబ్బై ఐదేళ్ళు నిండాక. ఒక్క నియోజకవర్గంలో ఒకరికి ముప్పై ఒకటికి మోగిన గంట, ఇంకొకరికి డెబ్బై ఐదుకి మోగింది. ఇందులో ఎవరిది ఆలస్యం?

ముప్పైల గురించి నేను పెద్దగా చెప్పను. ఆ వయసువాళ్ళకు ఈ పుస్తకం చదివే తీరిక ఉండదు. ఒక్కటి మాత్రం: ముప్పై దాటాక వాడకపోతే కండ పదేళ్ళకు మూడు నుంచి ఎనిమిది శాతం తగ్గుతూ పోతుంది. నడక చాలదు. బరువు ఎత్తాలి, గుంజీళ్ళు తీయాలి. నూతిలో నీళ్ళు తోడినన్నాళ్ళు మన అమ్మలకు ఎవరూ ఈ మాట చెప్పక్కర్లేకపోయింది.

నలభైలకు చత్వారం వస్తుంది. పేపరు చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని చదువుతుంటే ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. అదే ఏడాది కొడుక్కి గొంతు మారుతుంది. ఇది ఎవరూ లెక్క వేసుకోని సంగతి. చాలా ఇళ్ళల్లో పిల్లల హార్మోన్లు పొంగే వేళకే తల్లి హార్మోన్లు తగ్గుముఖం పట్టడం మొదలవుతుంది. మన దేశంలో స్త్రీలకు సగటున నలభై ఆరు, నలభై ఏడు దగ్గర నెలసరి ఆగిపోతుంది, దానికి మూడు నాలుగేళ్ళ ముందు నుంచే ఒంట్లో సెగలు, నిద్రలేమి, చిరాకు. తండ్రికి అప్పటికి చేసిన అప్పులు, చెయ్యలేని పనులు కళ్ళముందు తిరుగుతుంటాయి. ఒకే కప్పు కింద ముగ్గురు మారుతుంటే, తప్పంతా పదమూడేళ్ళ కుర్రాడి మీదికే నెట్టేస్తాం. బస్టాండులో ఆవిడ నాతో కొడుకు నిద్రపోడని చెప్పింది. నువ్వు నిద్రపోతున్నావా అమ్మా అని నేనూ అడగలేదు. అడగాల్సింది.

ఆవిడ వయసు స్త్రీలకు చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. రక్తస్రావం ఎక్కువైందనగానే గర్భసంచి తీయించేసుకోకండి. దేశంలో ఆ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంది. మందులతో తగ్గేవి చాలా ఉంటాయి. తొందరేమీ లేకపోతే ఇంకో డాక్టరు దగ్గర రెండో అభిప్రాయం అడిగి, అప్పుడు నిర్ణయించుకోండి.

నలభై దాటితే అంతా దిగుడే అనుకోకండి. వార్నర్ షాయ్ అనే శాస్త్రవేత్త 1956లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలుపెట్టి అదే మనుషుల్ని ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ వచ్చాడు. చకచకా గుర్తుపట్టే వేగం ఇరవైల తర్వాత తగ్గుతూ వస్తుంది నిజమే. కానీ మాటల మీద పట్టు, విషయాల మధ్య సంబంధం పట్టుకుని తర్కించే శక్తి నడివయసులోనే ఎక్కువగా ఉన్నాయి. వేగం తగ్గి, పదును పెరుగుతుంది. ఈ వయసులో కొత్త పని నేర్చుకోలేమన్న మాటకు ఆధారం లేదు. నేర్చుకునే పద్ధతి మారుతుంది.

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేస్తారని మీకు తెలుసు. ఒకే పనస దుంగ తొలిచి చేసే ఏకాండి వీణ. కుండ, దండి ఒకసారి తొలిస్తే అంతే, వాటిని మార్చలేరు. కానీ మీద ఉండే ఇరవై నాలుగు మెట్లను నల్లటి మైనంలో కూర్చి పెడతారు. ఎండలకు, వాడకానికి మైనం జరుగుతుంది, స్వరం తప్పుతుంది. కొన్నేళ్ళకోసారి మైనం కరిగించి, ఒక్కో మెట్టూ చెవితో విని మళ్ళీ కూర్చుకోవాలి. మంచి వీణ ఉన్నవాళ్ళు దీన్ని వీణ చెడిపోవడం అనుకోరు. నలభై దాటిన మగవాళ్ళు నా దగ్గరికొచ్చి "ఇంక మారడం మా వల్ల కాదు మాస్టారూ" అంటే, నేను వాళ్ళని గొల్లపల్లి వెళ్ళి ఒక పూట కూర్చుని రమ్మని పంపుతాను. ఇద్దరు వెళ్ళారు. ఒకాయన వీణ కొనుక్కుని వచ్చాడు, వాయించడం ఇంకా రాలేదు.

ఈ అధ్యాయానికి సంబంధించి మీరు చెయ్యాల్సిన పని చిన్నది. ఒక కాగితం మీద మీ ఇంట్లో ఉన్న ఒక్కొక్కరి పేరూ రాయండి, మీది కూడా. ప్రతి పేరు ఎదురుగా మూడు మాటలు రాయండి: ఈ ఏడాది ఈ మనిషి ఒంట్లో ఏం మారుతోంది, మనసులో ఏం మారుతోంది, ఊరు ఈ మనిషిని ఏం అడుగుతోంది. ఖాళీ మిగిలిన చోట మీకు తెలియదని అర్థం. ఆ ఖాళీ ఎవరిదైతే వాళ్ళనే అడిగి నింపండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మీ ఇంట్లో పదమూడేళ్ళవాడి దగ్గర మొదలుపెట్టండి. ఈ ఆదివారం బజారుకి తీసుకెళ్ళి, చెప్పుల నంబరు ఎంతయిందో చూడండి.